దాసన్న సీసా

సుబ్బరత్నమ్మకు మామగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తప్పు చేయడు.

చుట్టుపక్కల కోడళ్ళు ఎన్నెన్ని చెప్పుకునేవారో! ఒకామె మామ పేకాట మనిషి. ఇంకొకామె మామ పుల్లగూరలో ఉప్పు చాలలేదని కంచం నెట్టేసేవాడు. అలాంటి వాళ్ళతో వేగడానికి ఏదో ఒక దారి దొరుకుతుంది. పుట్టి అరవై రెండేళ్ళయినా ఒక్క తప్పూ చేయని మనిషితో వేగడం ఎలా? మామగారు ఉరుకుందప్ప కొర్రచేను ఎండితే అది వాన తప్పు. ఎద్దు కుంటితే బాట తప్పు. మంత్రాలయం బస్సు అందకపోతే బస్సు తొందరపడింది. ఒకసారి పట్టపగలు వంటింటి ద్వారబంధానికి తల కొట్టుకుని, దాన్ని చెక్కిన వడ్రంగిని నిలబడి తిట్టాడు. ఆ వడ్రంగి చచ్చిపోయి అప్పటికి ముప్పై ఏళ్ళు.

"నలభై ఏండ్ల కాపరం. ఒక్కనాడు 'నాదే తప్పు' అన్న పాపాన పోలేదు మీ మామ," అనేది అత్తగారు లక్ష్మీదేవమ్మ. "అన్నరోజు ఒంటిమిట్ట రామునికి నూటొక్క టెంకాయ కొడతా. టెంకాయల ఖర్చు తప్పింది గదా, అదొక మేలు."

అలాంటి ఇంట్లో, పంతొమ్మిది వందల యాభై ఆరు మే నెలలో, ఒక బుధవారం సాయంత్రం రేడియో ఆగిపోయింది.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో రేడియోకు కూడా ఎద్దుకు వేసినట్టు మేత వేయాల్సి వచ్చేది. ఊళ్ళో కరెంటు లేదు. నడవలో బల్ల మీద పెట్టె, బల్ల కింద చెక్కపీట మీద ఆరు వోల్టుల బ్యాటరీ. నల్లగా, బరువుగా, నెత్తిన మూడు మూతలతో, ఎవరితోనూ మాట్లాడని పెద్దమనిషిలా ఉండేది. మిద్దె మీది కట్టె నుంచి వేపచెట్టు దాకా రాగి తీగ. మీట తిప్పితే ముందు పెట్టెలో తుమ్మెద దూరినట్టు జుమ్మనేది. ఒక నిమిషానికి గొంతు వచ్చేది. ఆ ఒక్క నిమిషం అరుగు మీద ఇరవైమంది దగ్గు కూడా ఆపుకునేవారు. పదిహేను రోజులకోసారి బ్యాటరీ ఎద్దులబండెక్కి అయిదు మైళ్ళ అవతలి బేతంచెర్లకు పోయి, చార్జింగు చేయించుకుని, అత్తగారింట్లో మర్యాదలు జరిగిన అల్లుడిలా దర్జాగా తిరిగొచ్చేది.

రేడియో కొన్నది సుబ్బరత్నమ్మ భర్త రామకృష్ణ. కర్నూలు సెక్రటేరియట్లో గుమాస్తా. రాజధాని హైదరాబాదుకు తరలిపోతే కాగితాల కట్టలతో పాటు తానూ తరలిపోవాలి. ఎప్పుడన్నది ఆఫీసులో ఎవరికీ తెలియదు. పెట్టె చెబుతుందేమోనని రోజూ సాయంత్రం ఇంటిల్లిపాదీ చెవులొగ్గేవారు. ఆ బుధవారం వార్తల్లో "రాజధాని కార్యాలయాలు..." అన్న గొంతు సన్నబడింది. ఇంకా సన్నబడి దోమ రాగమైంది. ఆ దోమ కూడా ఎగిరిపోయింది.

చార్జింగు చేయించి నాలుగు రోజులే అయింది.

ఉరుకుందప్ప మీటను అటూ ఇటూ తిప్పి, వంగి బ్యాటరీని చూసి, లేచి నిలబడ్డాడు. "వాడే," అన్నాడు. "ఆ చార్జింగు దాసన్నే. కొత్త సీసం పలకలు తీసి అమ్ముకున్యాడు. లోపల పాతవి పెట్టినాడు."

"పైన నీ గుర్తు అట్లనే ఉండాది గదప్పా," అన్నాడు పక్కింటి శాంతయ్య. బ్యాటరీ నెత్తిమీది తారులాంటి కీలు పూతలో ఉరుకుందప్పే కొన్నరోజున మేకుతో 'ఉ' అని గీసుకున్నాడు.

"పైన నాదే. లోపల వానిది."

ఇరవైమంది ముందు అన్న మాట. తెల్లారేసరికి ఊళ్ళో అది నిజమైపోయింది.

గురువారం పొద్దున నడవ ఊడుస్తూ సుబ్బరత్నమ్మ గూట్లోని సీసాను చూసింది. బిరడా పెట్టిన తెల్ల గాజుసీసా. అందులో నాలుగో వంతు నీళ్ళు మిగిలి ఉన్నాయి. నీళ్ళు ఎంతవరకు తగ్గాయో అంతవరకు, అరంగుళానికొక తెల్లటి గీత. కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. గోరుతో గీకితే పోయే తెలుపు కాదు. స్నానాల నీళ్ళు కాచే కాగు అడుగున పేరుకునే తెలుపు అది. ఏటా ఉగాదికి ముందు రాయి పెట్టి కొట్టి రాల్చే తెలుపు.

ఆ సీసా దాసన్న ఇచ్చింది, శివరాత్రి నాడు, బ్యాటరీతో పాటు. "ఎండలు ముదిరితే లోపల నీళ్ళు తగ్గుతాయి. పలకలు మునిగేదాకా ఈ నీళ్ళే పోయండి. వేరే చుక్క పడగూడదు," అని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపాడు. సీసా బండి దిగగానే లక్ష్మీదేవమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాసన్న ఇల్లు చర్చి పక్క పేటలో. ఆ పేట మనుషుల చేతి నీళ్ళు ఈ గడప దాటవు. ఉరుకుందప్ప తేలును పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో సీసా మెడ పట్టుకుని పెరట్లోకి పోయి, సీతాఫలం చెట్టు మొదట్లో వంచేశాడు. కడిగించాడు. ఖాళీ సీసా కోడలి చేతికిచ్చి, "మన బాయి నీళ్ళు పట్టమ్మా," అన్నాడు.

బ్యాటరీని దాసన్న చేతులతో ఎత్తి ఇచ్చినా పరవాలేదు. అందులో యాసిడ్ అతను పోసినా పరవాలేదు. నీళ్ళు మాత్రం పనికిరావు. కర్నూల్లో ఇంటర్మీడియట్ సైన్సు చదివిన సుబ్బరత్నమ్మకు ఈ లెక్క ఏ పుస్తకంలోనూ కనపడలేదు. పలకరాతిని తొలిచి తవ్విన బావి నీళ్ళలో ఏముంటుందో, అవి బ్యాటరీలో పడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తెలిసే సీసా నింపింది. అప్పటికి కాపరానికొచ్చి మూడు నెలలు. కొత్త కోడలికి చదువు ఉంటే ఉండొచ్చు, నోరు ఉండకూడదు.

సీసాను కొంగులో చుట్టి వంటింట్లోకి పోయి, "అత్తా, నాకు పన్ను పోటు," అంది.

"ఎప్పటినుంచి?"

"ఇప్పటినుంచే. బండి ఎట్లా బేతంచెర్లకే గదా పోతాండాది. ఆస్పత్రిలో చూపించుకొనొస్తా."

*

చార్జింగు దుకాణం బేతంచెర్ల రైలుస్టేషన్ బాటలో ఉండేది. ముందు బండపలకలు పేర్చిన లారీలు, వెనక రేకుల షెడ్డు. షెడ్డు పక్కన నూనె ఇంజను డబడబమంటూ పగలంతా కొట్టుకునేది. దాని పట్టా డైనమోను తిప్పేది. డైనమో నుంచి తీగలు గోడమీది చెక్కకు, చెక్కమీద వరసగా బల్బులు, పక్కన చేయంత స్విచ్చులు. కింద చెక్కబల్లల మీద లారీల బ్యాటరీలు, రేడియోల బ్యాటరీలు, అన్నీ మూతలు తీసి, నోళ్ళు తెరిచిన పక్షిపిల్లల్లా.

దుకాణం బొజ్జన్నది. లారీలూ బొజ్జన్నవే. ఆ లారీలు ఎక్కువగా మోసేది ఉరుకుందప్ప గనిలో తీసిన బండలు. అందుకే బండి ఆగగానే బొజ్జన్న బల్లమీంచి లేచి ఎదురొచ్చాడు.

ఉరుకుందప్ప నోట్లో చుట్టతోనే షెడ్డులోకి అడుగుపెట్టాడు.

"పెద్దాయనా, చుట్ట," అంది లోపలినుంచి ఒక గొంతు.

దాసన్న నలభై ఏళ్ళ మనిషి. సన్నగా, ఒంగి ఉంటాడు. చొక్కాకు ముందంతా జల్లెడలా చిల్లులు. యాసిడ్ చుక్క పడిన చోటల్లా ఒకటి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు, ఒక్క నిప్పు విషయంలో తప్ప. "మూతలు తీసుండాయి పెద్దాయనా. బుడగల్లోంచి గాలి వస్తాంటాది. కంటికి కనపడదు. నిప్పు తగిలితే బ్యాటరీ పగిలి మొగం మీదికి లేస్తాది. బయట పడేసి రాండి."

ఉరుకుందప్ప చుట్ట పారేయలేదు. గుమ్మం దాకా పోయి అక్కడే నిలబడి, పొగ లోపలికి పోకుండా తల బయటికి పెట్టి మూడు దమ్ములు లాగాడు. ఆ మూడు దమ్ములూ చాలా పొడుగ్గా ఉన్నాయి. శివరాత్రి నాడూ ఇదే జరిగిందని, రేడియో ఆగడానికి ముందే ఆయనకు దాసన్న మీద కోపం ఉందని సుబ్బరత్నమ్మకు అప్పుడు అర్థమైంది.

దాసన్న బ్యాటరీని చెక్కబల్ల మీద పెట్టి గుడ్డతో నెత్తి తుడిచాడు. మూడు మూతలూ తిప్పి తీశాడు. గాజుగొట్టం మొదటి గదిలో ముంచి, రబ్బరు బుడ్డి నొక్కి వదిలాడు. బ్యాటరీలో సత్తువ ఉంటే గొట్టంలో తేలాల్సిన బుడిపె అడుగున పడుకుంది. రెండో గది, మూడో గది. ఎక్కడా లేవలేదు. ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. పలకల మీద తెల్లటి పొర.

మూతల్ని ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి వరసగా పెట్టాడు.

"నేనిచ్చిన సీసా నీళ్ళే పోసినారా పెద్దాయనా?"

"మరి యాడివి పోస్తారు? అవే."

సుబ్బరత్నమ్మ గోడమీది బల్బుల్ని చూసింది. ఏడున్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. ఏడే.

"అయితే నాకర్థం గావడంల్యా," అన్నాడు దాసన్న మెల్లగా.

"నాకర్థమైతాండాది. కొత్త పలకలు యాడ పెట్టినావు?"

ఇంజను చప్పుడులో కూడా ఆ మాట బయట టీకొట్టు దాకా వినపడింది. లారీల మీద పలకలు సర్దేవాళ్ళు తిరిగి చూశారు. దాసన్న చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టాడు. "పదకొండేండ్లుగా ఈ పని చేస్తాండా పెద్దాయనా," అన్నాడు. "పలకలు మార్చాలంటే నెత్తిమీది కీలు కరిగించాల. మీ గుర్తు నిలుస్తాదా?"

"గుర్తు మళ్ళీ గీసుంటావు. అక్షరమేగదా."

బొజ్జన్న ఇద్దరి మధ్యకూ వచ్చాడు. ఒకవైపు పదకొండేళ్ళ పనివాడు, ఒకవైపు గని. ఆయన ఎటు తూగాడో చూడ్డానికి తక్కెడ అక్కరలేదు. "దాసన్నా, పెద్దాయన నోట అబద్ధం రాదు. నీకే చెప్తాండా. తేల్చు. తేల్చకపోతే రేపటినుంచి పనికి రావద్దు."

"సోమవారం దాకా టైమియ్యన్నా," అన్నాడు దాసన్న. "కడిగి, కొత్త యాసిడ్ పోసి, నిదానంగా ఎక్కిస్తా. ఒక్క బల్బు మీద. ఆదివారం ప్రార్థనకు చర్చికి పోవాల, ఇంజను నడపను. సోమవారానికి బ్యాటరీ లేవకపోతే నువ్వు చెప్పే పన్లా. నేనే పోతా."

మామగారు బొజ్జన్న వెంట టీకొట్టుకు పోయాడు. సుబ్బరత్నమ్మ పోలేదు. ఆస్పత్రికీ పోలేదు.

షెడ్డు మూలలో కిరసనాయిలు స్టవ్వు మీద ఒక డబ్బా ఉడుకుతోంది. డబ్బా మూతినుంచి రాగిగొట్టం తడిగోనె చుట్టుకుని పోయి, ఒక గాజుసీసా మూతి దగ్గర ఆగింది. గొట్టం చివర చుక్క పెద్దదై, ఊగి, పడింది. ఇంకోటి మొదలైంది.

"సీసా నిండడానికి ఎంతసేపు పడుతుంది?" అడిగింది.

"పొద్దన్నుంచి సాయంత్రం దాకామ్మా. ఆవిరి గదా, తొందరపెడితే రాదు."

ఒక రోజంతా చుక్కచుక్కగా కూడిన నీళ్ళు. సీతాఫలం చెట్టు ఒక్క గుక్కలో తాగేసింది.

దాసన్న బ్యాటరీని ఎత్తి, గుంటలోకి వంచి, పాత యాసిడ్ పారబోశాడు. గుంటలో ముందే చౌడుమన్ను పోసి ఉంది. చాకలివాళ్ళు గుడ్డలకు వాడే ఆ మన్నే. సుయ్యిమని పొంగి చల్లబడింది. సీసానీళ్ళతో మూడుసార్లు తొలిచాడు. తరవాత పింగాణీ జాడీలో ముందు నీళ్ళు పోసి, ఆ నీళ్ళలోకి యాసిడ్ను దారంలా వదులుతూ కర్రతో కలిపాడు.

"యాసిడ్లోకి నీళ్ళు పోస్తే?"

"ఎగిరి కండ్లల్లో పడ్తాదమ్మా. ఎప్పుడూ నీళ్ళల్లోకే యాసిడ్డు. పెద్దదాన్ని చిన్నదాంట్లోకి వంచాల. చిన్నది పోయి పెద్దదాని మీద పడగూడదు," అని, తానన్నది విని తానే కొంచెం నవ్వి ఆపేశాడు.

జాడీని చల్లారనిచ్చి గదులు నింపాడు. ఎర్రతీగ ఎర్ర మొనకు, నల్లతీగ నల్ల మొనకు క్లిప్పులు పెట్టి, చేత్తో కదిపి గట్టిగా ఉన్నాయని చూసి, అప్పుడు స్విచ్చి వేశాడు. ఒక్క బల్బు మసకగా వెలిగింది. "పెట్టేటప్పుడు క్లిప్పు ముందు, స్విచ్చి తర్వాత. తీసేటప్పుడు స్విచ్చి ముందు, క్లిప్పు తర్వాత. తిరగబడితే నిప్పురవ్వ లేస్తాది," అన్నాడు, ఆమె అడగకుండానే. అడిగేవాళ్ళు దొరక్క చాలా ఏళ్ళయినట్టుంది. అరచేతి వెనకవైపుతో బ్యాటరీ పక్కను తాకి చూశాడు, జ్వరం చూసినట్టు.

"దాసన్నా, నీకు తెలుసు కదా ఏం జరిగిందో?"

అతను బల్బు వైపే చూశాడు. "తెలిసి ఏం జేస్తానమ్మా. పెద్దాయన పోసినానన్యాడు. కాదనడానికి నేనెవర్ని?"

సుబ్బరత్నమ్మ కొంగులోంచి సీసా తీసింది. తెల్లగీతల్ని దాసన్న చూశాడు. ఆమె బావినీళ్ళు చౌడుమంట్లో పారబోసి, సీసా చాచింది.

"దీన్నిండా నీ నీళ్ళు పోసియ్యి. పంటినొప్పికి మందు."

*

శుక్రవారం మధ్యాహ్నం ఉరుకుందప్ప పప్పన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. రెండోసారి నమిలాడు. పక్క దవడకు మార్చి నమిలాడు.

"బ్యాళ్ళు ఉడకలేదేమ్మా?"

"పొద్దున ఆరింటికి ఎసట్లో వేశాను మామా. ఆరు గంటలు ఉడికాయి. రెండు మోపుల కట్టెలు అయిపోయాయి."

"మరి గులకరాళ్ళ మాదిరి ఉండాయే?"

"మన బావి నీళ్ళతో ఉడికించాను."

లక్ష్మీదేవమ్మ నెయ్యిగిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగింది. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో పప్పుకు నీళ్ళు వంకలోని చెలమ నుంచి వచ్చేవి. పొద్దున్నే ఇసకలో గుంట తీసి, ఊరిన నీళ్ళు ముంతతో తోడి, రెండు బిందెలు నెత్తిన పెట్టుకుని అరమైలు నడిచి వచ్చేది ఆమె. ఈ ఏడు ఆ బిందెలు కోడలి నెత్తికి మారాయి. తాత తవ్వించిన బావి గురించి ఉరుకుందప్ప ఎంత పొగుడుకున్నా, పప్పు దేనితో ఉడుకుతుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఉడికిన పప్పును ఎవరు అడుగుతారు?

"నీళ్ళదేం తప్పు," అన్నాడు ముద్దను పక్కకు నెట్టి. "బ్యాళ్ళు ముదురువి. అంగడోడు మోసం జేసినాడు."

"అయ్యుండొచ్చు మామా," అంది సుబ్బరత్నమ్మ, మజ్జిగ పోస్తూ.

ఆయన మజ్జిగతోనే తిని లేచాడు. చేయి కడుక్కుంటూ బావి వైపు ఒకసారి చూశాడు.

శనివారం పొద్దున ఆయన అరుగు మీద కూర్చునే చోట రెండు ఇనుపగరిటెలు ఉన్నాయి. ఒకదాని గుంటలో సున్నం పూసినట్టు తెల్లటి పొర. ఇంకోటి నల్లగా, శుభ్రంగా.

"ఇదేందమ్మా, గరిటెలు కడగకుండా ఈడ పెట్టినావు?"

"ఒకదాంట్లో మన బావినీళ్ళు ఇగిరేదాకా కాచాను మామా. ఇంకోదాంట్లో దాసన్న నీళ్ళు." సుబ్బరత్నమ్మ చాట చెరుగుతూ తల ఎత్తలేదు. "రెండోది కడగక్కరలేదు."

"దాసన్న నీళ్ళు ఇంట్లోకి యాడినుంచి వచ్చినాయి?"

"ఇంట్లోకి రాలేదు. సీతాఫలం చెట్టు కింద ఉన్నాయి. ఆ చెట్టుకు అలవాటే గదా."

ఉరుకుందప్ప రెండు గరిటెల్నీ ఎత్తి చూశాడు. బరువు చూశాడు. "గరిటెలో తేడా ఉంటాది," అని, కోడలి వైపు చూడకుండా పెట్టేశాడు.

"అయ్యుండొచ్చు మామా."

ఆ మధ్యాహ్నం ఎండ మిద్దెల మీద పొగలు కక్కుతోంది. ఊరంతా తలుపులు మూసుకుని పడుకుంది. మంచినీళ్ళకు లేచిన సుబ్బరత్నమ్మ వంటింటి గుమ్మం దగ్గర ఆగింది. పొయ్యి ముందు మామగారు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, ఆ పొయ్యి ముందు కూర్చోవడం మాత్రం అదే మొదలు. తలపాగా విప్పి, దాంతో గరిటె కాడ పట్టుకుని నిప్పుల మీద ఆనించాడు. గరిటెల్ని తారుమారు చేశాడు. పొద్దుటి శుభ్రమైన గరిటెలో బావినీళ్ళు, తెల్లగరిటెను బూడిదతో తోమి అందులో దాసన్న నీళ్ళు. నీళ్ళు చిటపటలాడి ఇగిరిపోయాయి. మొదటి గరిటెను వెలుతురుకు తిప్పాడు. వేలితో రాసి, నాలుక మీద పెట్టుకుని చూశాడు. రెండో గరిటెను ఇంకా ఎక్కువసేపు చూశాడు. అందులో చూడ్డానికి ఏమీ లేదు.

తరవాత పక్కనున్న సీసాను ఎత్తి బిరడా బిగించాడు. ఈసారి రెండు వేళ్ళతో కాదు, చేతినిండా పట్టుకున్నాడు.

సుబ్బరత్నమ్మ దాహం సంగతి మరిచిపోయి, వచ్చినట్టే వెనక్కి పోయి పడుకుంది.

*

సోమవారం పన్ను మళ్ళీ పోటు పెట్టింది. "ఏ పన్నమ్మా?" అని ఉరుకుందప్ప అడిగాడు. సుబ్బరత్నమ్మ కుడి దవడ చూపించింది. గురువారం ఎడమ దవడ చూపించింది. ఆయన బండిలో ఆమెకు గడ్డి సర్దాడు. అయిదు మైళ్ళూ ఒక్క మాట లేదు. ఎద్దుల్ని కూడా తిట్టలేదు. వాటికే ఆశ్చర్యమై రెండుసార్లు ఆగాయి.

షెడ్డు గుమ్మం దగ్గర, లోపలినుంచి ఎవరూ ఏమీ అనకముందే, ఉరుకుందప్ప నోట్లో చుట్ట తీసి నేలమీద వేసి చెప్పుతో నలిపాడు. నిప్పు పూర్తిగా ఆరిందో లేదో వంగి చూసి, అప్పుడు లోపలికి వచ్చాడు.

ఇంజను డబడబమంటోంది. బ్యాటరీ మూడు గదుల్లోనూ సన్నటి బుడగలు, అన్నం ఉడుకుతున్నట్టు. దాసన్న స్విచ్చి తీసి, క్లిప్పులు తీసి, గాజుగొట్టం ముంచాడు. బుడిపె పైకి లేచి తేలింది. రెండో గదిలోనూ లేచింది. మూడో గదిలో కొంచెం బద్ధకంగా, గీతకు కిందనే ఆగింది.

"రెండు బాగా లేసినాయి. మూడోది కొంచెం కుంటుతాది. నడుస్తాది పెద్దాయనా, ఇంకా రెండేండ్లు పాడుతాది," అన్నాడు దాసన్న. నాలుగు రోజుల గడ్డం మధ్యలో నవ్వు కనపడీ కనపడకుండా ఉంది.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు.

"లేసిందా?" బొజ్జన్న ముందుకొచ్చి చూశాడు. "అట్లయితే అసలు పలకలు మళ్ళా లోపల పెట్టినావన్నమాట. పెద్దాయన చెప్పింది నిజమే గదా!" గుమ్మంలో చేరిన లారీవాళ్ళు తలలూపారు.

లేవకపోతే చేతకానివాడు, లేస్తే దొంగ. నాలుగు రోజులు బుడగలు చూస్తూ కూర్చున్న దాసన్నకు ఈ మలుపు తట్టలేదు. అతను చేతులకు చౌడుమన్ను రాసుకుని, తొట్టిలో కడుక్కుని, గుడ్డతో తుడుచుకున్నాడు. గాజుగొట్టాన్ని తొలిచి గోడమేకుకు తగిలించాడు. ఇక ఆ మేకు దగ్గరికి రాడన్నట్టు, ఊగుతున్న గొట్టాన్ని వేలితో ఆపాడు. తర్వాత, వేరే బ్యాటరీలు ఇంకా చార్జింగులోనే ఉండటం గుర్తొచ్చి, పోతూ పోతూ వాటి పక్కల్ని అరచేతి వెనకతో తాకి చూశాడు. వాటి స్విచ్చి అలాగే ఉంచాడు.

"బొజ్జన్నా," అంది సుబ్బరత్నమ్మ. ఇంజను మీదుగా వినపడాలని గొంతు పెంచింది. "మేం బ్యాటరీలో పోసిన సీసాలో ఉన్నవి దాసన్న నీళ్ళు కావు. మా బావినీళ్ళు. నింపింది నేనే. ఈ చేతులతో."

షెడ్డులో అందరూ ఆమె చేతుల్ని చూశారు.

బొజ్జన్న ముఖం విప్పారింది. గనీ నిలిచింది, పనివాడూ నిలిచాడు. ఇంతకంటే ఏం కావాలి? "ఓ, ఆడోళ్ళ పనా! అది ముందే చెప్తే అయిపోయేది గదమ్మా. తెలీక చేసినావు. పెద్దాయనా, కోడలు చిన్నపిల్ల, ఏమనగాకు. అయిపాయ. ఏమప్పా దాసన్నా, పోయి పని చూసుకో."

తలుపు బార్లా తెరిచినట్టయింది. ఉరుకుందప్ప అందులోంచి తల వంచకుండా బయటికి నడవొచ్చు. ఇంటికి పోయి అరుగు మీద కూర్చుని, కోడలి చదువు గురించి ఏడాది పొడుగునా చెప్పుకోవచ్చు. సుబ్బరత్నమ్మ మామగారి వైపు చూడలేదు. బ్యాటరీ నెత్తిమీది 'ఉ'ను చూస్తూ నిలబడింది.

ఉరుకుందప్ప ఏదో అన్నాడు. పెదవులు కదిలాయి. ఇంజను ఆ మాటను మింగేసింది.

"ఏమంటాండావు పెద్దాయనా?" అన్నాడు బొజ్జన్న, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"మామా, ఇంజను చప్పుడు," అంది సుబ్బరత్నమ్మ. "ఎవరికీ వినపడలేదు."

ఆ మాట నిజమే. నిజం కాబట్టే ఆమె అన్నదని మాత్రం ఉరుకుందప్ప అనుకోలేదు. కోడలి వైపు ఒక్క చూపు చూశాడు. ముప్పై ఏళ్ళ క్రితం చచ్చిన వడ్రంగి దొరికితే ఎలా చూసేవాడో అలా చూశాడు. ఆ తర్వాత ఆ చూపు మెత్తబడింది.

"దాసన్నా," అన్నాడు. "ఇంజను ఆపప్పా."

ఇంజను అలా ఒక్కసారిగా ఆపేది కాదు. గుమ్మం దాకా పోయిన దాసన్న వెనక్కి వచ్చాడు. ముందు స్విచ్చులు దించాడు. బల్బులు ఒకటొకటే ఆరాయి. తరవాత మొదటి బ్యాటరీ క్లిప్పు తీశాడు, ఎర్రది, నల్లది. రెండోదానికి పోయాడు. మూడోదానికి. అతను దేన్నీ తొందరపెట్టే మనిషి కాదు. నడుమ నిలబడిన ఉరుకుందప్ప నుదుటి మీద చెమట కారుతోంది. తుడుచుకోలేదు. ఎవరూ కదల్లేదు. పన్నెండు బ్యాటరీలు. చివరి నల్లక్లిప్పు తీసి కొక్కేనికి తగిలించి, దాసన్న ఇంజను దగ్గరికి పోయి నూనె కట్టాడు. డబడబ నిదానించి డబ్... డబ్... అయింది. ఒక డబ్, చాలాసేపటికి ఇంకోటి. చక్రం నిదానంగా తిరిగి, ఒకసారి వెనక్కి ఊగి, ఆగిపోయింది.

స్టేషన్ బాటంతా నిశ్శబ్దమైపోయింది. లారీమీద పలక సర్దుతున్నవాడు పలకతోనే నిలబడ్డాడు. టీకొట్టువాడు తల బయటికి పెట్టాడు. పన్నెండు బ్యాటరీల్లో మిగిలిన బుడగలు చిటచిటమనడం కూడా వినపడింది.

"ఆయమ్మ కాదు," అన్నాడు ఉరుకుందప్ప. ఆ గొంతు ఆయనదేనా అనిపించింది. పక్కకు మళ్ళి కాదు, దాసన్న కళ్ళలోకి చూసే అన్నాడు. "నీ నీళ్ళు పారబోసింది నేను. మన బాయివి పట్టమ్మా అన్నింది నేను. మొన్న ఈడ నిలబడి అబద్ధమాడింది నేను. నువ్వు ఏ పలకా మార్చలేదు."

ఒకడుగు ముందుకు వేశాడు.

"తప్పు నాది దాసన్నా. నాదే."